నవ్వులక్క తలూపిన పాపానికి

నవ్వులక్కకి ఆ పేరు పెట్టింది కండెల పిన్ని. మగ్గాలకి నూలు కండెలు అందించడం పిన్ని ఉద్యోగం. మనుషులకి పేర్లు తగిలించడం ఆవిడ సరదా. ఏం చెప్పినా నవ్వుతుంది, ఏం అడిగినా తలూపుతుంది కాబట్టి నవ్వులక్క అంది. ఆ పేరే అతుక్కుపోయింది. మంచి మనిషి, ఎవరితోనూ పేచీ పెట్టుకోదు అని మిల్లులో అందరూ అనుకునేవాళ్ళు. ఎదురు మగ్గం మీదకి మారేదాకా నేనూ అదే అనుకున్నాను. రోజూ ఎదురుగా నిలబడి పనిచేస్తే ఎవరి సంగతైనా బయటపడుతుంది. ఆ నవ్వు ఉత్త మంచితనం కాదు. ఆవిడకి వినపడదు.

మా షెడ్డు సంగతి కొంచెం చెప్పాలి. కొత్తగా అడుగుపెట్టినవాళ్ళు గుమ్మంలోనే రెండు చెవులూ మూసుకుంటారు. వరసలు వరసలుగా మరమగ్గాలు, ప్రతి మగ్గంలో పోగు లాక్కెళ్ళే నాడె అటూ ఇటూ దడదడ కొట్టుకుంటూ ఉంటుంది. పక్కన నిలబడి గొంతు చించుకున్నా ఒక్క ముక్క అందదు. అందుకని మేం లోపల గొంతు వాడం. పెదాలతో మాట్లాడుకుంటాం. ప్రతి మాటా కంటికి కనపడేలా పెదాలు సాగదీసి, అవసరమైతే చేతులు తోడు పెట్టి. మేస్త్రీ వస్తున్నాడంటే పైపెదవి మీద వేలు పెట్టి మీసం తిప్పుతాం. మొగుడు కొట్టినా, పిల్లకి పన్ను ఊడినా, ఎవరింట్లో ఎవరు అలిగినా అన్నీ మగ్గాల మీదుగా అలాగే ప్రయాణం చేస్తాయి. తెలియనివాళ్ళు చూస్తే పిచ్చాసుపత్రి అనుకుంటారు.

ఏళ్ళ తరబడి ఆ మోతలో నిలబడితే చెవులు అందరికీ ఎంతో కొంత పోతాయి. నవ్వులక్కకి అందరికంటే ముందు పోయాయి, పూర్తిగా పోయాయి. షెడ్డులో ఉన్నంతసేపూ ఆ సంగతి బయటపడే వీల్లేదు, అక్కడ అందరిదీ అదే బతుకు కదా. ఒక్క ఈల దగ్గరే చిక్కు. మా మేస్త్రీ మెడలో ఇనప ఈల ఉంటుంది. అది ఊదితే మగ్గాల మోతని చీల్చుకుని వినపడుతుంది. ఎక్కడైనా మగ్గం తిప్పే పట్టా ఊడినా, నాడె ఎగిరినా ఈల ఊదుతాడు, అందరం వెనక్కి తగ్గాలి. ఆ మధ్య చివరి వరసలో ఒకావిడ ఈల వినపడక నిలబడే ఉంది. చెయ్యి పోయింది. అప్పటినుంచి యజమాని ఒక నియమం పెట్టాడు. ఈల వినపడనివాళ్ళు మగ్గం మీద ఉండకూడదు, వెనక రేకుల గదికి పోవాలి. తెగిన నూలూ దూదీ దులిపి మూటలు కట్టే గది అది. అక్కడికి పోయినవాళ్ళు మళ్ళీ మగ్గం ముఖం చూడరు.

మేస్త్రీ పిల్లిలా వెనకనుంచి వచ్చి ఈల ఊది చూసేవాడు. ఎదురుగా నేనుండేదాన్ని. వాడు నోట్లో ఈల పెట్టగానే కనుబొమ్మ ఎగరేసేదాన్ని. నవ్వులక్క ఉలిక్కిపడినట్టు తిరిగేది. ఎంత బాగా ఉలిక్కిపడేదంటే ఒకసారి కండెల పిన్ని, "నువ్వు నాటకాల్లో చేరాల్సింది, దారి తప్పి మా మిల్లులో పడ్డావు" అంది.

అక్క మొగుడు లారీ నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారు, ఆరేళ్ళ కూతురు. అత్తగారిది బండ గొంతు. ఆవిడ వంటింట్లో ఉప్పు అడిగితే వీధి చివర వాళ్ళు ఉప్పు డబ్బా వెతుక్కుంటారు. అంత గొంతూ కోడలి దగ్గర వృథాయే. "ఏమే, చెవుల్లో సీసం పోసుకున్నావా? పిలుస్తుంటే రాయిలా నిలబడతావేం? పొగరు కాకపోతే ఏంటిది!" అనేది. అత్తకి చెబితే ఊరంతా చాటింపు వేసినట్టే, అందుకని అక్క పొగరు అనిపించుకోవడానికే ఒప్పుకుంది.

కూతుర్ని మేం పిట్ట అనేవాళ్ళం. అది పుట్టేసరికే అక్కకి సగం వినికిడి పోయింది. పిల్ల మొట్టమొదట నేర్చుకున్నది పెదాల మాట. చంకలో ఉన్నప్పుడే తల్లి మొహం రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుని, అప్పుడు పెదాలు కదిపేది. దానికి చెవులు బాగా ఉన్నాయి, గొంతూ ఉంది. కానీ గొంతు వాడితే అమ్మకి అందదు, అందుకని వాడేది కాదు. ఏ దుకాణానికి వెళ్ళినా అక్క దాన్ని పక్కన నిలబెట్టుకునేది. దుకాణం అతను మాట్లాడేవాడు, పిట్ట తల ఎత్తి ఆ మాటని పెదాలతో తల్లికి అందించేది. చూసేవాళ్ళు, పాపం పిల్లకి ఏదో మూతి వంకర జబ్బు ఉందనుకునేవాళ్ళు. తల్లిది చెవుడని ఎవరికీ అనుమానం రాలేదు.

అలాంటి పిల్లని బళ్ళో వేశారు.

మొదట్లో చెప్పలేనంత హుషారుగా వెళ్ళింది. తర్వాత పొద్దున లేవడానికే మొరాయించడం మొదలుపెట్టింది. ఒకరోజు అక్క దానికి తల దువ్వుతూ, అద్దంలో దాని పెదాలు చూస్తూ మాట్లాడింది. ఆ మాటలు మర్నాడు నాకు మగ్గం మీదుగా అచ్చంగా అప్పజెప్పింది.

"ఏమైందే? టీచరమ్మ కొట్టిందా?"

"లేదు. ఇవాళ కూడా అదే ఉంటుంది."

"ఏది?"

"నిన్నటిదే. మొన్నా అదే. ఆవిడకి ఇంకో పాఠం రాదేమో అమ్మా."

"నీకొచ్చినప్పుడు వచ్చని చెప్పొచ్చు కదే."

"రోజూ చెప్తున్నాను."

అది అబద్ధం కాదు. రోజూ చెబుతూనే ఉంది, పెదాలతో. టీచరమ్మ అడిగితే లేచి నిలబడి, ఇంట్లో చెప్పినట్టే చక్కగా, చప్పుడు లేకుండా చెప్పి కూర్చునేది. టీచరమ్మకి కనపడింది నోరు తెరిచి మూసే పిల్ల మాత్రమే. గది నిండా పిల్లలు, సగం మందికి అక్షరాలు ఇంకా పట్టుబడలేదు. ఆవిడ వాళ్ళ కోసం మళ్ళీ మొదలుపెట్టేది. ఇది బల్ల మీద తల వాల్చేది. విసుగెత్తితే చేతులు ఊరుకోవు. అక్క సరదాకి నేర్పిన మగ్గం ముడి ఉంది, తెగిన పోగులు కలిపేది, చిన్నది, ఎంత లాగినా ఊడదు. మొదట బల్ల కింద పరిచిన చాప అంచు దారాలన్నీ ముడేసింది. తర్వాత ముందు కూర్చున్న ఇద్దరు పిల్లల జడ రిబ్బన్లు కలిపి ముడేసింది. బెల్లు కొట్టగానే ఒకతి ఇటు, ఒకతి అటు పరిగెత్తారు. రిబ్బన్లు కత్తెరతో కోయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం బడి ఆయా కబురు తెచ్చింది, తల్లి వచ్చి టీచరమ్మతో మాట్లాడాలని. ఈ ఆయా మా మేస్త్రీకి సొంత అక్క. బళ్ళో ఎవరు తుమ్మినా రెండో పూటకల్లా మిల్లులో మేస్త్రీ చిరంజీవ అనేవాడు.

మర్నాడు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని గోడ నీడన కూర్చున్నాం. కండెల పిన్ని అడిగింది.

"ఏం చెప్తావే వెళ్ళి?"

"మా పిల్ల మొద్దు కాదు టీచరమ్మా, దానికి విసుగొస్తోంది, ఇంకాస్త పై పాఠం ఇవ్వండి అంటాను."

"విసుగా! చాల్లే సంబడం. మనకి ఈ మగ్గాల ముందు ఇన్నేళ్ళుగా విసుగే. ఎవరికి చెప్పుకున్నాం?"

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, పిన్ని పెదాలు చూసి నవ్వింది కాబట్టి నిజం నవ్వే. తర్వాత అంది.

"అందుకే పిన్నీ వెళ్ళేది. ఇదన్నా మీ బుట్టలో కండెలు మొయ్యకూడదు."

పిన్ని ముక్కు ఎగబీల్చి, "మొయ్యడానికి నా బుట్టకేం లోటు, బంగారం లాంటి బుట్ట" అని గొణిగి, తన డబ్బాలో మంచి కూరముక్క ఏరి అక్క డబ్బాలో పడేసింది.

"నేను రానా అక్కా తోడు?" అన్నాను.

"వద్దులే, నీ పని చెడుతుంది. పిట్ట పక్కనే ఉంటుందిగా."

ఆవిడ లెక్క అది. టీచరమ్మ మాట్లాడుతుంది, పిట్ట అందిస్తుంది. అందులో తప్పేం లేదు. కానీ టీచరమ్మకి ఒక పద్ధతి ఉంది. పిల్లల గురించి మాట్లాడేటప్పుడు పిల్లలు ఎదురుగా ఉండకూడదంటుంది. మంచి పద్ధతే. అక్క లోపలికి వెళ్ళగానే, "పాపా, నువ్వు బయట ఆడుకో" అని పిట్టని పంపేసింది. పిల్ల తల్లి మొహం చూసింది. తల్లి ఏమనగలదు? దాన్ని ఉండనివ్వండి, అది నా చెవులు అనాలి. గది మూల ఆయా చీపురు పట్టుకుని నిదానంగా ఊడుస్తోంది. ఆయాకి తెలిసిన మరుక్షణం మేస్త్రీకి తెలుస్తుంది. అక్క పిల్లకి వెళ్ళమని తలూపింది.

ముందు బాగానే నడిచింది. టీచరమ్మ ఎదురుగా కూర్చుంది, మొహం కనపడుతోంది. అక్క తాను అనుకున్న ముక్కలన్నీ అప్పజెప్పింది. మా పిల్ల మొద్దు కాదు, విసుగొస్తోంది. టీచరమ్మ చివరిదాకా విని, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. బయట పిల్లలు ఆడుతున్నారు, వాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచాలి కదా. కిటికీ బయటికి చూస్తూ, అక్కకి వీపు పెట్టి, జవాబు చెప్పింది.

ఆవిడ ఏమందో నాకు తర్వాత ఆవిడ నోటితోనే తెలిసింది.

"మీ పాప మీద నాకు కోపం లేదమ్మా. తల్లికి పిల్ల గురించి అలా అనిపించడం సహజం. కానీ ఈ పాప నోరు విప్పి ఒక్క సమాధానం చెప్పలేదు. తనలో తను పెదాలు కదుపుకుంటూ కూర్చుంటుంది. ఇలాంటి పిల్లల కోసం వెనక గది ఉంది. అక్కడ పాఠాల ఒత్తిడి ఉండదు. పంపాక మళ్ళీ ఇటు తీసుకురావడం కష్టం, ముందే చెప్తున్నాను. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి, బలవంతం లేదు."

అక్క ఆ వీపు వైపే చూస్తూ కూర్చుంది. మధ్యలో తల ఊపుతూ ఉంది, ఎవరైనా మాట్లాడుతుంటే ఊపాలి కదా అని. టీచరమ్మ ఇటు తిరిగి, "సరేనా అమ్మా?" అంది. అది కనపడింది. అక్క నవ్వింది.

"సరేనమ్మా. మీ చేతుల్లో పెట్టాను."

టీచరమ్మ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. చాలామంది తల్లులు ఈ మాట వింటే గొడవ చేస్తారు, ఈవిడ ఎంత అర్థం చేసుకుంది అనుకుందట.

కిటికీ బయట పిట్ట నిలబడి ఉంది. టీచరమ్మ మొహం సరిగ్గా దానికి ఎదురుగా ఉంది. ఆ బడి మొత్తంలో కిటికీ అద్దం అవతలనుంచి పెదాలు చదవగలిగిన పిల్ల అదొక్కతే. అంతా చదివింది. వెనకాల తల్లి తల ఊపడమూ చూసింది.

మర్నాడు అక్క మా దగ్గరికి పెళ్ళివారిలా వచ్చింది.

"ఒప్పుకుంది. నవ్వింది కూడా. నా చెయ్యి పట్టుకుంది."

"ఏమంది?" అన్నాను.

"మంచిగానే అంది."

"అదే, ఏమంది?"

"మొహం చూస్తే తెలియదా ఏంటి! మంచి మొహం ఆవిడది."

వెనక గది గురించి మా అందరికీ తెలుసు. మాట సరిగా రానివాళ్ళు, కాలు ఈడ్చేవాళ్ళు, ఇంట్లో అడిగే దిక్కు లేనివాళ్ళు, అందరినీ ఒకచోట వేస్తారు. పాఠం చెప్పే మనిషి ఎప్పుడో ఒకసారి వస్తుంది. పూసలు ఇచ్చి గుచ్చమంటారు, గుచ్చాక విప్పేసి మళ్ళీ గుచ్చమంటారు. వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు, వాళ్ళకీ చెబితే ఏదో ఒకటి వచ్చేది. ఎవరూ చెప్పరు. ఆ గదిలో పెరిగిన పిల్లలు కాస్త చెయ్యి సాగగానే మా మిల్లుకే వస్తారు, నూలు చుట్టడానికి. పిన్ని దగ్గర పనిచేసే ఆడపిల్లలందరూ అక్కడినుంచి వచ్చినవాళ్ళే.

పిట్ట ఆ గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో చెప్పలేదు. అమ్మకి తెలుసనే దాని ఉద్దేశం. కానీ పెదాలు కదపడం మానేసింది. అక్క ఏదన్నా అడిగితే మొహం పక్కకి తిప్పుకునేది. పెదాలతో మాట్లాడుకునే ఇంట్లో మొహం తిప్పుకోవడమంటే తలుపు వేసి గడియ పెట్టడమే. నాయనమ్మ కూడా గమనించింది. "ఆ పిల్లని ఏం చేశావే? తల్లీ కూతుళ్ళు ఇద్దరూ బొమ్మల్లా కూర్చుంటే నేను గోడలతో మాట్లాడుకోనా?" అని అరిచింది. కోడలు ఎప్పటిలాగే నవ్వింది.

కొన్నాళ్ళకి అక్క దాని గౌను ఉతకబోతూ జేబులో చెయ్యి పెట్టింది. రంగుపూసల దండ బయటికి వచ్చింది. పూసకీ పూసకీ మధ్య మగ్గం ముడి. విప్పడానికి వీల్లేకుండా, ప్రతి పూసకీ.

"ఇదెక్కడిదే?"

పిల్ల మొహం తిప్పుకుంది. అక్క గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

"వెనక గదిలోది," అంది పిట్ట పెదాలతో.

"వెనక గదిలో నీకేం పని?"

"నేను ఉండేది అక్కడే కదా."

"ఎవరు పంపారు నిన్ను?"

"నువ్వే. టీచరమ్మ ఇష్టం లేకపోతే చెప్పమంది. నేను కిటికీలోంచి చూశాను. నువ్వు నవ్వావు."

మర్నాడు పొద్దున అక్క మొహంలో నవ్వు లేదు. అప్పుడుగానీ ఆ మొహం అసలు ఎలా ఉంటుందో నేను చూడలేదు. ముసలిదై కనపడింది. మగ్గం మీదుగా ముక్కలు ముక్కలుగా చెప్పింది. మధ్యలో ఆవిడ పడుగులో పోగులు తెగాయి, చూసుకోలేదు. నావీ తెగాయి.

మధ్యాహ్నం బెల్లు కాగానే ముందు నేను వెళ్ళాను బడికి. అక్క పేరెత్తకుండా, చెవుల సంగతి చెప్పకుండా, ఎలాగోలా పిల్లని వెనక్కి తెప్పిద్దామని. టీచరమ్మ నన్ను పైనుంచి కిందకి చూసి, "కన్నతల్లి సరేనన్నాక మధ్యలో మీరెవరండీ?" అంది. నిజమే, నేనెవర్ని.

తిరిగొచ్చి చెప్పాను. కండెల పిన్ని తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళకు. వెళితే నిజం చెప్పాలి. చెబితే ఆ ఆయా ముండ సాయంత్రానికి తమ్ముడి చెవిలో వేస్తుంది. నిన్ను రేకుల గదిలో పారేస్తారు. పోనీ వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏటికి దానికి పూసలు అలవాటైపోతాయి పిన్నీ."

"మగ్గం పోగొట్టుకుని ఏం చేస్తావే?"

అక్క చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, నా వైపు చూసింది. "నువ్వు రా. ఆ రోజు వద్దన్నట్టు ఇప్పుడు అనను" అంది.

మేం వెళ్ళేసరికి బడి వదిలే వేళ. తరగతి గదిలో టీచరమ్మ బోర్డు తుడుస్తోంది. ఆయా తడిగుడ్డతో బల్లలు తుడుస్తోంది. నేను ఆయాని ఏదో వంక పెట్టి బయటికి పంపుదామని చూశాను. "అమ్మా, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను. "కుండ అదిగో, నీకు కాళ్ళు లేవా?" అంది.

అక్క ఇంక ఆగలేదు.

"టీచరమ్మా, నా వైపు తిరగండి."

టీచరమ్మ డస్టరు పట్టుకుని తిరిగింది.

"ఆ రోజు మీరు కిటికీ దగ్గర ఏం చెప్పారో నాకు తెలియదు. నాకు వినపడదు. చాలా ఏళ్ళుగా వినపడదు. పెదాలు కనపడితేనే నాకు మాట. మీరు అటు తిరిగి మాట్లాడారు."

ఆయా చేతిలో గుడ్డ ఆగిపోయింది. మళ్ళీ కదిలింది, ఇంకా నిదానంగా.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "అయ్యో... మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా! నేను అడిగాను కదా, ఇష్టం లేకపోతే చెప్పమని. మీరు నవ్వుతూ సరేనన్నారు."

"అలవాటమ్మా."



టీచరమ్మ పిట్టని పిలిపించింది. గోడ మీద అక్షరాల పట్టీ చూపించి చదవమంది. పిల్ల చదివింది, చకచకా, పెదాలతో. అక్క వెంటనే, "అన్నీ చెప్పింది చూడండి" అంది. టీచరమ్మకి వినపడినదల్లా గది బయట పిల్లల గోల.

ఇంకోటి అడిగింది. పిల్ల పెదాలు కదిపింది. అక్క గట్టిగా ఆ జవాబు చెప్పింది.

"చూడమ్మా, మీరు చెప్తున్నారు," అంది టీచరమ్మ. "నాకు పాప చెప్పాలి. మీరు అందిస్తే నేనెలా నమ్మేది?"

ఆ మాట తప్పని నేననను. అక్క పిల్ల ముందు కూర్చుంది.

"గట్టిగా చెప్పవే."

పిట్ట తల్లి మొహంలోకి చూసి పెదాలు కదిపింది. అది టీచరమ్మకి తెలియలేదు, నాకు తెలిసింది.

"గట్టిగా చెప్తే నీకెలా తెలుస్తుంది?"

"నాకు తెలియక్కర్లేదు. ఆవిడకి తెలిస్తే చాలు."

పిల్ల కదల్లేదు. అక్క ఒక్క నిమిషం దాని భుజాలు పట్టుకుని ఉంది. తర్వాత లేచి, మాకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. బెత్తం దెబ్బలకి నిలబెట్టిన పిల్లలా నిలబడింది.

పిట్ట ఆ వీపు వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. ఈసారి గొంతు వచ్చింది. బొంగురుగా, పెద్దగా, గది అదిరేలా. ఎంత గట్టిగా మాట్లాడాలో దానికి తెలియదు కదా. గోడ మీద పట్టీ చదివింది. పక్కనున్న పై తరగతి పట్టీ చదివింది. టీచరమ్మ రోజూ చెప్పే పాఠం ఆవిడ దీర్ఘాలతో సహా అప్పజెప్పింది. చివరికి, "చేతులు కట్టుకోండి, నోళ్ళు మూసుకోండి, మళ్ళీ మొదటినుంచి" అని కూడా ఆవిడలాగే అంది. టీచరమ్మకి నవ్వొచ్చింది, వెంటనే ఆ నవ్వు పోయింది. పిల్ల అంది, "ఇదంతా నాకు వచ్చు. నాకు ఇక్కడా విసుగే, అక్కడా విసుగే."

టీచరమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. అక్క ఇంకా గోడకే తిరిగి ఉంది. పిల్ల మాట్లాడిందో లేదో ఆవిడకి తెలియదు. నేను వెళ్ళి భుజం తట్టాను.

"చెప్పిందా?"

"చెప్పింది."

టీచరమ్మ లేచి, ఈసారి జాగ్రత్తగా అక్క మొహంలోకి చూస్తూ మాట్లాడింది. రేపటినుంచి పాప తరగతిలోనే కూర్చుంటుంది. గది నిండా పిల్లలున్నారు, ఒక్కదానికి వేరే పాఠం చెప్పే తీరిక తనకి లేదు. పై తరగతి పుస్తకం ఇస్తుంది, దాని పాటికి అది చదువుకోవాలి. అర్థం కాకపోతే అడగాలి, గొంతుతో. అక్క ఒక్కో మాటా చదివి, "మళ్ళీ చెప్పండి" అని రెండోసారి చెప్పించుకుని, అప్పుడు తలూపింది.

వీధిలో కాస్త దూరం నడిచాక నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎలా ఉంటుందే దాని గొంతు?"

ఏం చెప్పను? తేనె అనీ కోయిల అనీ చెప్పొచ్చు, కానీ ఆవిడ నా పెదాలకేసి అలా చూస్తుంటే అబద్ధం రాలేదు.

"అచ్చు మీ అత్తగారి గొంతే అక్కా."

"చచ్చాం పో!" అని నవ్వింది. నడివీధిలో నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మర్నాడు మేస్త్రీ వెనకనుంచి రాలేదు. తిన్నగా నడిచొచ్చి నాకూ అక్కకీ మధ్య నిలబడ్డాడు. వాడి భుజాల వెనక నాకు ఆవిడ మొహం కనపడలేదు, ఆవిడకి నాదీ కనపడలేదు. ఈల ఊదాడు. వరస వరసంతా వెనక్కి తగ్గి చూసింది. వాడి చంక సందులోంచి అక్క చేతులు ఒక్కటే నాకు కనపడుతున్నాయి. తెగిన పోగు ముడేస్తున్నాయి. ముడి పూర్తి చేశాయి, కొస తుంచాయి. మేస్త్రీ చెయ్యి చాచి మగ్గం ఆపేశాడు. ఆవిడ తల ఎత్తింది. వాడేదో అన్నాడు. ఆ మీసాల కింద పెదాలు ఎవరికీ సరిగా కనపడవు. ఆవిడ తలూపి నవ్వింది.

ఇప్పుడు రేకుల గదిలో ఉంది. అక్కడ మోత లేదు. మూటల మధ్య కూర్చుని ఆడవాళ్ళు మామూలు గొంతులతోనే కబుర్లు చెప్పుకుంటారు. కానీ దూది నుసి ఊపిరితిత్తుల్లోకి పోకుండా అందరూ ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుంటారు. ఆవిడకి కనపడేవి కళ్ళు, గుడ్డ. ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు దగ్గుతున్నారో కూడా తెలియదంటుంది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మా నీడకి వస్తుంది. తినడానికంటే ముందు మా మొహాలు చూస్తుంది. "చెప్పండే, ఏదో ఒకటి చెప్పండి" అంటుంది. పిన్ని ఆ పూటకి మేస్త్రీ మీద కొత్తగా కల్పించిన కథ పెదాలు సాగదీసి చెబుతుంది.

పిట్ట బళ్ళో బాగానే ఉంది. వెనక బెంచీలో పై తరగతి పుస్తకం పెట్టుకుని కూర్చుంటుందట. గొంతు విప్పడం అలవాటైంది, ఇప్పుడు మూయదని ఫిర్యాదు. ఇంటికొచ్చినా ఒక్కోసారి మర్చిపోయి గొంతుతోనే మొదలుపెడుతుంది. అవతల గదిలోంచి నాయనమ్మ జవాబు చెబుతుంది. ఇద్దరిదీ ఒకటే గొంతు కదా, ఇల్లు మారుమోగిపోతుంది. బడి సంగతులు, టీచరమ్మ సంగతులు, ఎవరు ఎవర్ని గిల్లారో అన్నీ. అక్క అటు తిరిగి గిన్నెలు తోముకుంటూ ఉంటుంది. మధ్యలో గుర్తొచ్చి పిల్ల పరిగెత్తుకొచ్చి, తల్లి మొహం రెండు చేతులా పట్టుకుని తన వైపు తిప్పుకుని మళ్ళీ మొదటినుంచి చెబుతుంది.

మొదట్లో దానికి ప్రతిసారీ గుర్తొచ్చేది.